పెద్ద హోటల్లో గది బాగాలేకపోతే: బిల్లు కట్టేదాకా ఆగకుండా అడగడం ఎలా

నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో హైదరాబాద్ పోయి పెద్ద హోటల్లో దిగే పని ఇప్పుడు ఎవరికైనా పడుతోంది. పిల్లలకు వీసా ఇంటర్వ్యూ ఉందంటే అమెరికా కాన్సులేట్ నానక్‌రాంగూడలో కాబట్టి ముందురోజు రాత్రే ఆ చుట్టుపక్కల దిగాలి, దగ్గరివాళ్ల రిసెప్షన్ పన్నెండింటిదాకా నడిస్తే ఆ రాత్రి వెనక్కి రాలేం, లేదంటే అక్కడెక్కడో ఉద్యోగం చేస్తున్న కొడుకో బిడ్డో అమ్మానాన్నల షష్టిపూర్తికని రెండు రాత్రులకు బుక్ చేసి పంపిస్తారు. రాత్రికి ఎనిమిది వేలు, పది వేలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తీరా పోతే గదిలో ముక్క వాసన, ఏసీ నుంచి నీళ్లు, గోడ అవతల పెళ్లి డీజే. అప్పుడు మనవాళ్లు చేసేది ఒక్కటే. సప్పుడు చేయక పడుకుని, పొద్దున అడిగినంత కట్టి, బస్సెక్కి ఇంటికొచ్చి, ఆర్నెల్లపాటు చుట్టాలందరికీ చెప్పుకోవడం.

చుట్టాలకు చెప్పేదేదో హోటల్ వాళ్లకే చెప్పాలి, అది కూడా గదిలో ఉండగానే చెప్పాలి. నేను రాసేదంతా దీని గురించే. ఆ పాలరాయి, ఆ ఏసీ చల్లదనం, కౌంటర్ దగ్గర సూటు వేసుకున్నవాళ్ల ఇంగ్లీషు చూడగానే మనవాళ్లకు గొంతు లేవదు, అడిగితే ఏమనుకుంటారో అని ఒకటే టెన్షన్. ఏమీ అనుకోరు. రోజుకు ఎన్నో గదుల వాళ్లు అడుగుతూనే ఉంటారు, అడిగినవాళ్ల పని ముందు అవుతుంది, అంతే.

బుక్ చేసేముందు

స్టార్ల సంగతి ముందు. మన దేశంలో హోటళ్లకు స్టార్లు ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ, వచ్చి తనిఖీ చేసి ఇస్తుంది, అది ఐదేళ్లు చెల్లుతుంది. కానీ అది తీసుకోవాలన్న నిర్బంధం ఏ హోటల్‌కీ లేదు. బుకింగ్ యాప్‌లో పేరు పక్కన కనిపించే స్టార్లు అన్నీ ఆ కమిటీ ఇచ్చినవే అనుకోవద్దు, చాలాసార్లు అవి హోటల్ వాళ్లో యాప్ వాళ్లో పెట్టుకున్న లెక్క. కాబట్టి స్టార్లను కాదు, గత రెండు మూడు నెలల్లో అక్కడ ఉండి వచ్చినవాళ్లు తీసిన ఫొటోలను చూడండి. హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు గది కొత్తగా కట్టినప్పటివి అయ్యుండొచ్చు.

ధర దగ్గర ఒక లెక్క తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన ఒక్క రూపాయి దాటినా 18 శాతం. అంటే 7,500 గది పన్నుతో కలిపి 7,875 పడితే, 7,600 గది 8,968 పడుతుంది. వంద రూపాయల తేడా గదికి వెయ్యి దాటి ఎక్కువ కడుతున్నాం. ఈ గీత దగ్గర గది దొరికినప్పుడు హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి రేటు అడగండి, కొంచెం తగ్గించి 7,500 లోపల ఇచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

యాప్‌లో బుక్ చేశాక అక్కడితో వదిలేయొద్దు. గది వివరాలున్న పేజీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా ఏమేం ఇస్తామన్నారో ఆ జాబితా, గది ఫొటో, రద్దు చేస్తే పైసలు ఎంత వెనక్కి వస్తాయన్న షరతు. ఆ పేజీ రేపటికి మారిపోవచ్చు. ఆ తర్వాత హోటల్‌కు ఫోన్ చేసి మీ పేరు మీద బుకింగ్ వాళ్ల దగ్గర పడిందా అని అడగండి. యాప్‌లో కన్ఫర్మ్ అని వచ్చినా కౌంటర్‌లో "మా సిస్టమ్‌లో లేదు సర్" అనే మాట వినాల్సి రావడం, అదీ రాత్రి పదకొండింటికి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, చాలా కష్టం. అదే ఫోన్‌లో మీకు కావలసినవి చెప్పండి: మోకాళ్ల నొప్పులున్న అమ్మకు బాత్‌టబ్ ఎక్కి దిగడం కాదు, నేల మీద నిలబడి స్నానం చేసే గది కావాలని, లిఫ్ట్‌కు దగ్గర కావాలని, ఫంక్షన్ హాల్ ఉన్న వైపు వద్దని, ఒక పెద్ద మంచమా రెండు విడి మంచాలా అన్నది. చెప్పాక "ఇవే మెయిల్ చేస్తున్నా, అందిందని ఒక మాట రాయండి" అనండి. వాళ్లు "నోటెడ్" అని ఒక్క ముక్క రాసినా తర్వాత అది మీ చేతిలో కాగితం.

దిగే టైమ్ కూడా అడగాలి. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. నల్లగొండలో పొద్దున్నే బయల్దేరి నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి, పంతంగి టోల్ దాటి పదింటికల్లా హైదరాబాద్‌లో ఉంటాం, పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చినా అంతే. నాలుగు గంటలు లాబీలో కూర్చోవడం తప్పాలంటే ముందే అడగాలి, కొన్నిచోట్ల ఊరికే ఇస్తారు, కొన్నిచోట్ల సగం రోజు కిరాయి అంటారు. ఇది హోటల్ తప్పు కాదు, దీని మీద లొల్లి పెట్టుకోవద్దు.

గుర్తింపు కార్డు కోసం ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ సంస్థ సైట్‌లోనే దిగుతుంది. ఓటర్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో ఇచ్చినా సరిపోతుంది.

గదిలో మొదటి పది నిమిషాలు

అన్నిటికంటే పనికొచ్చేది ఈ భాగం, అందుకే కొంచెం నిదానంగా చెబుతా.

బ్యాగు విప్పొద్దు. మంచం మీద కూర్చోవద్దు, మంచినీళ్ల సీసా మూత కూడా తియ్యొద్దు. బ్యాగు తెచ్చిన పిల్లవాణ్ని "ఒక్క నిమిషం ఆగు బాబు" అని నిలబెట్టి గది చూడండి. సామాను సర్దేసి, స్నానం చేసి, పక్క నలిపాక గది మార్చమంటే వాళ్లకు అది వాడిన గది, మళ్లీ శుభ్రం చేసి ఇంకొకరికి ఇవ్వాలి, అందుకే ఏదో ఒక సాకు చెబుతారు. ముట్టుకోని గదిని మార్చడం వాళ్లకు కంప్యూటర్లో ఒక నొక్కుతో అయ్యే పని.

ముందు బాత్‌రూమ్‌లోకి పోండి. తలుపు మూసి ముక్కుతో చూడండి. నీళ్లు పోయే జాలీ దగ్గర మురుగు వాసన వస్తుంటే, అది రూమ్ స్ప్రే కొడితే పోయేది కాదు, రాత్రికి ఇంకా ఎక్కువవుతుంది. వేడినీళ్ల నల్లా తిప్పి రెండు మూడు నిమిషాలు వదలండి, మొదట చల్లగా వచ్చి తర్వాత వేడెక్కితే మంచిదే, ఎంతకీ గోరువెచ్చగానే ఉంటే పొద్దున అందరూ ఒకేసారి స్నానం చేసే వేళ అసలు రావు. నీళ్లు కింద నిలుస్తున్నాయా, జాలీలోకి పోతున్నాయా చూడండి, పెద్దవాళ్లు జారి పడేది ఆ నిలిచిన నీళ్లలోనే.

తర్వాత పక్క. పైన పరిచిన తెల్ల దుప్పటి కాదు, దాన్ని ఎత్తి కింది బెడ్‌షీట్, దాన్ని కూడా మూల దగ్గర లేపి పరుపు కుట్టు చూడండి. అక్కడ నల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే నల్లులు ఉన్నట్టు. ఆ గది మాత్రమే కాదు, దాని పక్క గది కూడా వద్దని చెప్పండి. దిండు గలీబు మీద వెంట్రుక ఉందంటే మార్చలేదన్నమాట.

ఏసీ వేసి తలాపి వైపు గోడ చూడండి. పసుపుపచ్చ మరకలు కిందికి సాగి ఉంటే అది కారే ఏసీ. పరదా జరిపి కిటికీ చూడండి, "లేక్ వ్యూ" అని రేటు ఎక్కువ కట్టినప్పుడు హుస్సేన్‌సాగర్ కిటికీ ముందు నిలబడితే కనిపించాలి, ఓ మూలకు ఆనుకుని మెడ తిప్పితే కనిపించేదానికి పైసలు కట్టలేదు. కిటికీ మూసి ఒక్క నిమిషం మాట్లాడకుండా వినండి. జనరేటర్, లిఫ్ట్, వంటింటి గొట్టం, కింద ఫంక్షన్ హాల్, ఏ చప్పుడైనా అప్పుడే తెలుస్తుంది. పెళ్లిళ్ల సీజన్ అయితే ఈ రాత్రి కింద ఫంక్షన్ ఏమన్నా ఉందా, మ్యూజిక్ ఎప్పటిదాకా అని కౌంటర్‌లోనే అడిగెయ్యండి.

ఇదంతా చూస్తూనే ఫోన్‌లో ఒక వీడియో తీయండి, గది నంబర్ నుంచి మొదలుపెట్టి ఆపకుండా. గది బాగుంటే రాత్రికి ఆ వీడియో మీరే డిలీట్ చేసేస్తారు. బాగాలేకపోతే గదిలో మీరు అడుగు పెట్టేసరికే అట్లా ఉందని చెప్పడానికి అదే సాక్ష్యం. అద్దం పగిలి ఉన్నా, కుర్చీ చిరిగి ఉన్నా వెళ్లేటప్పుడు మీ లెక్కలో వేయకుండా కూడా అదే కాపాడుతుంది.

ఎవరితో మాట్లాడాలి, ఏమని మాట్లాడాలి

మా చిన్నాయన, చిన్నమ్మలకు జరిగింది చెబుతా, హోటల్ పేరు వద్దు. మిర్యాలగూడ నుంచి పోయి దిగారు, పిల్లలు బుక్ చేసిన పెద్ద హోటలే. రాత్రి ఒంటిగంట దాటాక ఏసీ నుంచి చుక్క చుక్కగా నీళ్లు, సరిగ్గా చిన్నమ్మ తలగడ మీద. ఆమె లేచి టవల్ పరిచింది, అది తడిసింది, చెత్తబుట్ట తెచ్చి పెట్టింది, ఆ టప్ టప్ చప్పుడుకు ఇద్దరికీ నిద్ర లేదు. చివరికి ఆయన సోఫాలో, ఆమె మంచం అంచున ముడుచుకుని తెల్లార్చారు. మంచం పక్కనే ఫోన్ ఉంది, తొమ్మిది నొక్కితే మనిషి పలికేవాడు. ఈ రాత్రిపూట ఎవర్ని లేపుతాం అనుకున్నారు. పొద్దున లెక్క తేల్చేటప్పుడు చెబితే కౌంటర్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా అన్నది, "రాత్రి కంప్లైంట్ ఏదీ సిస్టమ్‌లో లేదు మేడం, అప్పుడే చెప్పి ఉంటే గది మార్చేవాళ్లం." రూపాయి తగ్గించలేదు.

నాకు ఆ మాట మీద ఎంత కోపం వచ్చినా, అందులో పట్టుకోవలసింది ఒకటుంది. హోటల్లో ప్రతి షిఫ్ట్‌కూ ఒక లాగ్ ఉంటుంది. ఏ గది నుంచి ఎన్నింటికి ఏం ఫోన్ వచ్చింది, ఎవర్ని పంపారు, ఎన్నింటికి సరైంది, అంతా అందులో పడుతుంది. పొద్దున మేనేజర్ చూసేది దాన్నే. అందులో మీ గది నంబర్ లేకపోతే వాళ్ల లెక్కలో మీ గదిలో ఏమీ జరగలేదు. కాబట్టి అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి. రాత్రంతా మెలకువగా ఉండడానికే అక్కడ మనుషులను పెట్టారు, జీతమిచ్చి పెట్టారు, ఆ జీతం మనం కట్టే కిరాయిలో ఉంది.

కౌంటర్‌లో ఉన్నవాళ్ల చేతిలో గది మార్చడం వరకు ఉంటుంది. కిరాయి తగ్గించడం, పెద్ద గది ఇవ్వడం డ్యూటీ మేనేజర్ చేతిలో ఉంటుంది, ఏ పెద్ద హోటల్లోనైనా రాత్రిపూట కూడా ఒకరుంటారు. మాట ఇట్లా నడిపించండి:

"నాలుగు వందల పన్నెండు నుంచి మాట్లాడుతున్నా. ఏసీ నీళ్లు కారి మంచం తడిసింది. గది మార్చాలి."

"మెయింటెనెన్స్‌ను పంపిస్తాం సర్."

"పంపండి. అరగంటలో ఆగకపోతే వేరే గది కావాలి. ఇప్పుడు డ్యూటీ మేనేజర్ ఎవరు, వాళ్ల పేరు చెప్పండి. ఒకసారి నాతో మాట్లాడమనండి."

ఇంతే. తెలుగులోనే మాట్లాడండి, హైదరాబాద్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఏ షిఫ్ట్‌లోనైనా ఉంటారు, రానివాళ్లు వచ్చినవాళ్లను పిలుస్తారు. రాని ఇంగ్లీషులో తడుముకుంటే మన మాట బలం మనమే తగ్గించుకున్నట్టు. గొంతు పెంచాల్సిన పని కూడా లేదు. గదిలోకి వచ్చే హౌస్‌కీపింగ్ పిల్లల మీద మాత్రం అసలు అరవకండి, వాళ్లలో మన దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి పోయినవాళ్లు కూడా ఉంటారు, ఏసీ కారితే వాళ్ల తప్పు కాదు. అడగాల్సింది ఆ ఏసీ బాగుచేయించకుండా గది అమ్మినవాళ్లను.

ఫోన్ పెట్టేశాక ఆ మాటనే రాతలో పెట్టండి. హోటల్ వాట్సాప్ నంబర్ ఉంటే దానికి, లేకపోతే బుకింగ్ మెయిల్‌కు, ఆ గంటలోనే. తెలుగులో రాసినా పర్వాలేదు. ఇట్లా రాయొచ్చు:

"గది 412. ఈ రాత్రి 1.20కి ఏసీ నుంచి నీళ్లు కారి మంచం తడిసిందని రిసెప్షన్‌కు ఫోన్ చేశాం. 1.45కి మనిషి వచ్చి చూసి ఇప్పుడు బాగుచేయడం కాదన్నారు. వేరే గది లేదని డ్యూటీ మేనేజర్ చెప్పారు. ఫొటో, వీడియో జతచేశాను. ఈ రాత్రి కిరాయి బిల్లులోంచి తీసేయాలని కోరుతున్నాం."

టైములు, గది నంబర్, ఎవరు ఏమన్నారు, చివర్లో మీకు కావలసింది. కోపం, బాధ, "ఇంత పెద్ద హోటల్ అయ్యుండి" లాంటి మాటలు వద్దు, అవి చదివేవాడు అసలు సంగతి వదిలేసి సారీ ఒకటి రాసి పంపిస్తాడు.

చివరి వాక్యం మాత్రం మరువొద్దు. మనవాళ్లు చాలామంది సమస్య అంతా చెప్పి ఆగిపోతారు, ఏం చేయాలో వాళ్లే చూసుకుంటారని. వాళ్లు చూసుకునేది ఒక పండ్ల బుట్టో కేకు ముక్కో పంపడం. మీకు ఏం కావాలో మీరే తేల్చుకోండి. గంటసేపు వేడినీళ్లు రాకపోతే ఒక రాత్రి కిరాయి మొత్తం అడగడం ఎక్కువ, నా లెక్కలో బ్రేక్‌ఫాస్టో లేట్ చెకౌటో అడిగితే న్యాయం. నిద్ర పూర్తిగా పోయిందంటే ఆ రాత్రి కిరాయి అడగాలి. కట్టినదానికంటే తక్కువ రకం గది ఇచ్చారంటే రెండిటి తేడా, దాని మీద కట్టిన పన్నుతో సహా వెనక్కి అడగాలి. తగినంత అడిగినవాళ్లకు తొందరగా వస్తుంది.

తిండి

బఫేలో ఇడ్లీ చల్లారిందంటే వేడివి తెమ్మనండి, అంతే. చెడిపోయిన వాసన, పురుగు, అట్లాంటిదైతే ప్లేటు వాళ్ల చేతికి ఇచ్చేముందు ఫొటో తీసి, మేనేజర్‌ను అక్కడికే పిలిచి చూపించండి. తర్వాత కడుపు చెడితే డాక్టర్ చీటీ, మందుల బిల్లు దాచండి.

బిల్లు

వెళ్లే రోజు పొద్దున కౌంటర్ దగ్గర జనం, కింద క్యాబ్ వచ్చి నిలబడి ఉంటుంది, ఆ హడావుడిలో నాలుగు పేజీల బిల్లు ఎవరూ చదవలేరు. ముందురోజు రాత్రే ఇప్పటిదాకా అయిన బిల్లు మెయిల్ చేయమని అడగండి, గదిలో కూర్చుని చదవండి.

సర్వీస్ చార్జీ అని ఒక వరస ఉందేమో చూడండి. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదని, ఇవ్వడం ఇవ్వకపోవడం కస్టమర్ ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల, రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు పోతే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థించింది. "ఇది తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అంటే చాలు. జీఎస్టీ వేరు, సర్వీస్ చార్జీ వేరు, జీఎస్టీ ప్రభుత్వానికి పోయేది, అది కట్టాల్సిందే.

గదిలో ఫ్రిజ్‌లోంచి తీయని కూల్‌డ్రింకులు, ఉతకడానికి ఇవ్వని బట్టలు బిల్లులో కనిపిస్తే అక్కడే కొట్టేయించండి. ఏది మీ లెక్కో ఏది కాదో తెలియనప్పుడు మీరు సంతకం చేసిన స్లిప్ చూపించమని అడగండి, సంతకం లేకపోతే అది మీరు తిన్నది కాదు.

ఒక విషయంలో మాత్రం గొడవకు దిగొద్దు. ఇరవై రూపాయల నీళ్ల సీసాకు నూరు వేశారని ఎమ్మార్పీ చట్టం మాట్లాడేవాళ్లున్నారు. హోటల్లో కూర్చోబెట్టి వడ్డించే నీళ్లకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. సీసా వద్దు, మామూలు తాగే నీళ్లు ఇవ్వండి అని మొదట్లోనే చెప్పడం ఒక్కటే దారి.

దిగేటప్పుడు కార్డు మీద అడ్వాన్స్ కింద కొంత ఆపి ఉంటే, వెళ్లేటప్పుడు దాన్ని వదిలేసినట్టు చీటీ అడగండి. బ్యాంకు నుంచి వెనక్కి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, ఆ చీటీ లేకపోతే హోటల్ బ్యాంకు మీద, బ్యాంకు హోటల్ మీద చెబుతూ తిప్పుతారు. బిల్లు కూడా జీఎస్టీ నంబర్ ఉన్న పక్కా బిల్లే తీసుకోండి, బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది.

కారు తీసుకుపోయి పార్క్ చేసే హోటల్ మనిషికి (వాలే) తాళాలు ఇచ్చినప్పుడు టోకెన్ ఫొటో తీసుకోండి. టోకెన్ వెనక "వాహనం యజమాని బాధ్యతే" అని రాసి ఉంటుంది, దాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ పార్కింగ్ నుంచి 1998లో పోయిన మారుతి కారు కేసులో, తాళాలు తీసుకుని తమ ఆధీనంలో పెట్టుకున్నాక, సొంత నిర్లక్ష్యం వల్ల కారు పోతే ఆ రాతను అడ్డం పెట్టుకుని హోటల్ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో తీర్పు ఇచ్చింది.

ఇంటికొచ్చాక

అక్కడ తేలలేదనుకోండి. బిల్లు కట్టేటప్పుడు "ఫిర్యాదు పెండింగ్‌లో ఉంది, అభ్యంతరంతో కడుతున్నాను" అని కాపీ మీద రాసి సంతకం చేసి ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చిన వారంలోపల హోటల్ జనరల్ మేనేజర్‌కు ఒక మెయిల్, యాప్‌లో బుక్ చేస్తే యాప్‌కు ఒకటి. రాత్రి పంపిన మెసేజ్‌నే కింద అతికించి, బిల్లు జతచేసి, పదిహేను రోజుల గడువు పెట్టండి. యాప్ వాళ్లు హోటల్‌ను అడగమంటారు, హోటల్ వాళ్లు యాప్‌ను అడగమంటారు, అందుకే ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టడం మంచిది.

గడువు దాటితే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును నంబర్ వేసి హోటల్‌కు పంపి జవాబు అడుగుతారు. ఆ నంబర్ పడగానే హోటల్ వాళ్ల మాట తీరు మారడం ఎక్కువగా చూస్తాం, ఎందుకంటే తర్వాతి మెట్టు ఇట్లాంటి కేసులు విని తీర్పు చెప్పే వినియోగదారుల కమిషన్ అని వాళ్లకూ తెలుసు.

ఆ కమిషన్ కోసం హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు, ఈ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు. పాత చట్టంలో చాలావరకు హోటల్ ఎక్కడుంటే అక్కడ వేయాల్సి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట, లేదా పనిచేసే చోట వేయొచ్చు. నల్లగొండలో ఉంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, పాలమూరులో ఉంటే మహబూబ్‌నగర్‌లో. హోటల్ వాళ్లే ఇక్కడికి వకీలును పంపించుకోవాలి. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపలుంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీరే నిలబడి చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు కూడా. సంగతి జరిగిన రెండేళ్లలోపల వేయాలి, కానీ అంతదాకా ఆగితే ఫోన్ మారి వీడియో పోతుంది.

పైసలు కట్టింది అమెరికాలో ఉన్న కొడుకు కదా, మేమెట్లా వేస్తాం అని ఆగిపోయేవాళ్లున్నారు. కట్టినవాళ్ల అనుమతితో ఆ సేవను వాడుకున్నవాళ్లు కూడా చట్టం లెక్కలో వినియోగదారులే. బుకింగ్‌లో అమ్మ పేరో నాన్న పేరో ఉండి, కొడుకు నుంచి ఒక చిన్న ఉత్తరం ఉంటే అదే ఆధారం. అందుకని బుక్ చేసేటప్పుడే ఉండబోయేవాళ్ల పేరు మీద చేయమని పిల్లలకు చెప్పండి.

ఫిర్యాదులో రాసేది పొడుగ్గా ఉండక్కర్లేదు. ఎప్పుడు, ఎంత కట్టి, ఏం ఇస్తామంటే బుక్ చేశారు, ఏం ఇచ్చారు, ఎప్పుడు ఎవరికి చెప్పారు, వాళ్లేం చేశారు, ఇప్పుడు మీకేం కావాలి. స్క్రీన్‌షాట్లు, వీడియో, మెసేజ్, బిల్లు, 1915 వాళ్లు వేసిన ఫిర్యాదు నంబర్ ఆ వరసలోనే జతచేయండి. కిరాయి వాపసు, దాని మీద వడ్డీ, పడ్డ ఇబ్బందికి కొంత, ఖర్చులు, ఇవి అడగొచ్చు. ఎనిమిది వేల గదికి పది లక్షలు అడిగినవాళ్ల కాగితం తూకం పోతుంది, అది నేను గట్టిగా చెబుతున్నా.

రివ్యూ కూడా రాయండి, కానీ ఇవన్నీ తేలాక, లేదా తేలదని తెలిశాక. బిల్లు కట్టకముందే "రివ్యూ రాస్తా చూడు" అని బెదిరిస్తే అప్పటిదాకా న్యాయం మీ వైపు ఉన్నా అది మెసేజ్‌లో పడి వాళ్లకు ఆయుధమవుతుంది. నెల, గది రకం, జరిగింది, చెప్పాక వాళ్లు చేసింది రాయండి, బాగున్నవి ఉంటే అవి కూడా. మనుషుల పేర్లు వద్దు, చూడనివి వద్దు. మీ ఫొటో ఒకటి పెడితే తర్వాత సూర్యాపేట నుంచో వనపర్తి నుంచో ఎవరో వాళ్ల అమ్మానాన్నలకు గది వెతికేటప్పుడు దాన్ని చూస్తారు.

రివ్యూ పడగానే కొన్ని హోటళ్లు ఫోన్ చేసి ఇంకో రాత్రి ఉచితంగా ఇస్తాం, అది తీసేయండి అంటాయి. ఉచిత రాత్రి తీసుకోవాలనుకుంటే తీసుకోండి, తప్పేం లేదు. మెయిల్‌లో రాసి పంపమనండి, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ రకం గది, బ్రేక్‌ఫాస్ట్ ఉందా, పన్ను ఎవరు కట్టాలి, శని ఆదివారాలు, పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఇస్తారా లేదా అన్నీ అందులో ఉండాలి. రివ్యూను తీసేయకుండా కింద "తర్వాత హోటల్ వాళ్లు ఇట్లా సరిచేశారు" అని రెండు ముక్కలు కలపండి.